లెక్కలోకి వచ్చే పరుగు

(వ్యాయామ ఉపాధ్యాయులకు, యువ అథ్లెట్లకు నిర్వహించిన వేసవి శిక్షణ తరగతుల్లో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలు పొద్దున ఆరింటి నుంచి మైదానంలోనే ఉన్నారని నాకు తెలుసు. కాళ్ళు చాపుకొని, నీళ్ళు తాగుతూ వినండి.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ఆసియా క్రీడల్లో మన అథ్లెటిక్స్. అది చాలా పెద్ద అంశం. 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి 107 పతకాలు వస్తే, అందులో 29 అథ్లెటిక్స్‌వే. ఆరు స్వర్ణాలు, 14 రజతాలు, తొమ్మిది కాంస్యాలు. ఒక్కొక్కదాని గురించి నాలుగేసి మాటలు చెప్పి దిగిపోతే మీ దగ్గర పేర్లు తప్ప ఏమీ మిగలవు. అందుకని ఒక్క సాయంత్రాన్ని, అందులోనూ ముఖ్యంగా ఒక్క పరుగును తీసుకుంటాను. ఆ పరుగు పదమూడు సెకన్లు కూడా లేదు. అయితే నేను చెప్పదలచుకున్నదంతా ఆ పదమూడు సెకన్లకు ముందు జరిగింది.

2023 అక్టోబర్ 1. ఆ రోజు మనవాళ్ళకు పండగే. 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో అవినాశ్ సాబ్లే 8 నిమిషాల 19.50 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచాడు. షాట్‌పుట్‌లో తజిందర్‌పాల్ సింగ్ తూర్ చివరి ప్రయత్నంలో 20.36 మీటర్లు విసిరి మొదటి స్థానానికి ఎగబాకాడు. లాంగ్‌జంప్‌లో శ్రీశంకర్ 8.19 మీటర్లు దూకి, మూడు సెంటీమీటర్ల తేడాతో స్వర్ణం పోగొట్టుకొని రజతం తెచ్చాడు. వీళ్ళందరి గురించీ పత్రికల్లో చదివే ఉంటారు. నేను చెప్పబోయేది మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ గురించి. విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి పరుగు.

హర్డిల్స్ చేయని పిల్లల కోసం ముందు ట్రాక్ ఎలా ఉంటుందో చెబుతాను. వంద మీటర్లలో పది హర్డిళ్ళు, అంటే దూకి దాటాల్సిన అడ్డుచట్రాలు. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. బయలుదేరే గీత నుంచి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, ఆ తర్వాత ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, చివరి హర్డిల్ దాటాక గమ్యానికి పదిన్నర మీటర్లు. మధ్యలో మూడే అడుగులు, దాటడం. మళ్ళీ మూడు అడుగులు, దాటడం. లెక్క ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. మొదటి హర్డిల్ దగ్గర అడుగు తప్పితే మిగతా తొమ్మిదింటి దగ్గరా దాని బాకీ తీరుస్తూనే ఉండాలి. అందుకే ఈ పోటీలో బయలుదేరడానికి అంత విలువ. హర్డిల్స్ అమ్మాయి మనసంతా తుపాకి శబ్దం మీదే ఉంటుంది.

హాంగ్జౌ పెద్ద స్టేడియం, తామర పువ్వు ఆకారంలో కట్టింది. అందులో 80,000 మంది కూర్చోవచ్చు. ప్రేక్షకుల్లో ఎక్కువమంది చైనావాళ్ళు. ఫైనల్లో చైనా అమ్మాయిలు ఇద్దరు, లిన్ యువెయ్, వూ యానీ. వూ యానీ పక్క లేన్‌లో మన జ్యోతి. ‘ఆన్ యువర్ మార్క్స్’ అన్నారు, అందరూ బ్లాకుల్లో, అంటే బయలుదేరేటప్పుడు పాదాలు ఆనించి తోసే దిమ్మెల్లో, కాళ్ళు పెట్టారు. ‘సెట్’ అన్నారు, నడుములు లేచాయి. తుపాకి పేలకముందే వూ యానీ కదిలింది. ఆమె కదలగానే పక్కనున్న జ్యోతి కూడా లేచింది. వెనక్కి పిలిచే తుపాకి పేలింది.

ఇక్కడ ఆగుదాం. మీరంతా ఆ వీడియో చూడాలి, ఒకసారి కాదు, నెమ్మదిగా పదిసార్లు. ‘సెట్’ స్థితిలో ఉన్న అథ్లెట్ శరీరం ఎలా ఉంటుందో ఇక్కడున్న స్టార్టర్లకు, అంటే తుపాకి పేల్చి పోటీ మొదలుపెట్టేవాళ్ళకు, తెలుసు. తల దించుకొని ఉంటుంది, చూపు గీత దగ్గరే ఉంటుంది, బరువంతా వేళ్ళ మీద, ముందుకు. లాగిపట్టిన వింటి నారి అది. అప్పుడు పక్కన మనిషి కదిలితే మెదడు ఆలోచించేలోపే శరీరం లేస్తుంది. దాన్ని తప్పు అనాలా, మరొకరి తప్పుకు దెబ్బ తినడం అనాలా?

హాంగ్జౌలో అధికారులు మొదట తప్పు అన్నారు. జ్యోతిని పోటీ నుంచి తప్పిస్తున్నట్టు చెప్పారు. ఆమె వెళ్ళలేదు. తాను ముందు కదలలేదని, పక్క లేన్ చూడమని అధికారులతో అక్కడే నిలబడి వాదించింది. రీప్లే చూశారు, మాట్లాడుకున్నారు. నిమిషాలు గడుస్తున్నాయి. మిగతా అమ్మాయిలు కాళ్ళు విదిలించుకుంటూ ఎదురుచూస్తున్నారు. చివరకు ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, తుది నిర్ణయం తర్వాత అన్నారు.

ఆ తర్వాత ఆమె మళ్ళీ అదే బ్లాకుల్లోకి వెళ్ళి కూర్చుంది. ఫైనల్ పోయిందనుకున్న మనిషి, పరాయి దేశంలో, ఆతిథ్య దేశపు అమ్మాయి పక్కన, మళ్ళీ ‘సెట్’ అనగానే నడుము లేపి కదలకుండా నిలబడాలి. ఈసారి ఆవగింజంత ముందు కదిలినా ఇక వాదన లేదు. లిన్ యువెయ్ 12.74 సెకన్లలో గెలిచింది. వూ యానీ 12.77తో రెండో స్థానంలో వచ్చింది. జ్యోతి 12.91తో మూడోది. భారత బృందం ఫిర్యాదును ముందుకు తీసుకెళ్ళింది. పరిశీలించి వూ యానీని అనర్హురాలిగా ప్రకటించారు. జ్యోతి కాంస్యం రజతమైంది. జపాన్ అమ్మాయి తనాకా యుమి 13.04తో కాంస్యానికి వచ్చింది. జ్యోతి ఆ రోజు నోరు విప్పకపోయి ఉంటే, ఆ రజతం మాటే ఉండేది కాదు.

ఇప్పుడు నియమం ఏమి చెబుతోందో చూద్దాం. ఇక్కడ చాలామంది దగ్గర నిబంధనల పుస్తకం ఉంది. ఫాల్స్ స్టార్ట్, అంటే తుపాకి కంటే ముందే కదలడం, దాని దగ్గర ఉన్న చిన్న వివరణను చాలామంది చదవరు. ఒకరు తప్పుగా కదిలితే మిగతావాళ్ళు కూడా వెంట కదిలే అవకాశం ఉందనీ, ఖచ్చితంగా చెప్పాలంటే అలా కదిలినవాళ్ళదీ ఫాల్స్ స్టార్టే అవుతుందనీ, అయినా స్టార్టర్ ఆ తప్పుకు కారణమైనవాళ్ళను మాత్రమే శిక్షించాలనీ అందులో ఉంది. కారణమైనవాళ్ళను మాత్రమే. జ్యోతి అడిగింది ఈ వాక్యాన్నే. ఇంకో చోట ఇంకో మాట ఉంది. ఫాల్స్ స్టార్ట్ తన మీద పడినప్పుడు అథ్లెట్ వెంటనే నోటితో అభ్యంతరం చెబితే, రిఫరీ ఆమెను ‘నిరసన కింద’ పరుగెత్తనివ్వవచ్చు. వెంటనే అన్నది గుర్తుపెట్టుకోండి. డ్రెస్సింగ్ గదికి వెళ్ళి ఏడ్చి, సాయంత్రం మాస్టారుతో చెప్పుకుంటే ఆ హక్కు ఇంక పనిచేయదు.

ఈ వాక్యం నాకు అప్పట్లో తెలియకపోవడం వల్ల ఒక అమ్మాయికి అన్యాయం జరిగింది. అది చెప్పకుండా ఈ వేదిక దిగితే నాకు నిద్ర పట్టదు.

2014లో ఒక జిల్లా స్థాయి పోటీ. నేను స్టార్టర్‌ని. ఆడపిల్లల హర్డిల్స్. నాలుగో లేన్ అమ్మాయి ముందు కదిలింది. ఐదో లేన్ అమ్మాయి ఆమెతో పాటే లేచింది. మా దగ్గర యంత్రం లేదు, నా కళ్ళే యంత్రం. 2010 నుంచి మొదటి తప్పుకే ఇంటికి పంపే నియమం వచ్చింది కదా, నేను దాన్ని తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నానన్న ధీమాతో ఇద్దరినీ పంపించేశాను. నాలుగో లేన్ అమ్మాయి తలపట్టుకుంది. ఐదో లేన్ అమ్మాయి ఏమీ అనలేదు. వంగి స్పైక్స్, అంటే ముళ్ళ బూట్లు, విప్పింది. అవి అరువు తెచ్చుకున్నవి, ఆమె పాదం కంటే పెద్దవి. కుడి కాలి బూటు ముందు భాగంలో దూది కుక్కుకుంది. విప్పేటప్పుడు ఆ దూది బయటికి వచ్చి సున్నపు గీత మీద పడింది. దాన్ని తీసి, దులిపి, మళ్ళీ బూటులోకి కుక్కింది. బూట్లు రెండూ జత చేసి, ఎవరివో వాళ్ళకు ఇచ్చేసి, వట్టి కాళ్ళతో బయటికి నడిచింది. వాళ్ళ మాస్టారు గట్టు మీద నిలబడి చూస్తున్నారు, ఆయనకూ ఏమి అడగాలో తెలియలేదు. నేను తుపాకిలో ఇంకో మందు బిళ్ళ పెట్టి, మిగిలిన వాళ్ళతో పోటీ నడిపించాను.

ఆ రాత్రి ఎందుకో మనసొప్పక పుస్తకం తీశాను. ఆ వివరణ దొరికింది. మర్నాడు ఆ అమ్మాయి కోసం అడిగితే వాళ్ళ ఊరి బస్సు పొద్దున్నే వెళ్ళిపోయిందన్నారు. తర్వాత ఎప్పుడూ ఏ పోటీల జాబితాలోనూ ఆ పేరు నాకు కనపడలేదు. హాంగ్జౌలో జ్యోతి కదలకుండా నిలబడిన దృశ్యం టీవీలో చూస్తున్నప్పుడు నాకు కనిపించింది ఆ సున్నపు గీత మీద దూది.

జ్యోతి కూడా పుట్టుకతో అలా నిలబడే ధైర్యంతో రాలేదు. ఆమె ఇంటి పరిస్థితి మీలో చాలామంది ఇళ్ళ లాంటిదే. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పని చేసిన మనిషి. విశాఖలో బడి, ఆ తర్వాత హైదరాబాదులో నాగపురి రమేశ్ గారి దగ్గర శిక్షణ, కొంతకాలం గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర. ఈ ప్రయాణంలో ఆమెకు ఏమి జరిగిందో చూడండి.

2020 జనవరి, కర్ణాటకలోని మూడబిదిరిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. జ్యోతి 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అది అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది, పద్దెనిమిదేళ్ళుగా ఎవరూ అందుకోలేదు. జ్యోతి ఆ రికార్డును మూడో వంతు సెకను తేడాతో దాటేసింది. అయినా లెక్కలోకి రాలేదు. అక్కడ ఆమెకు డోప్ పరీక్ష జరగలేదు, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. కాగితం లేని పరుగు రికార్డు కాదు.

2022 ఏప్రిల్, కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. 13.09. ఈసారి పరీక్షలున్నాయి, అధికారులున్నారు. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. అనుమతించేది 2.0. మళ్ళీ లెక్కలోకి రాలేదు.

అదే సంవత్సరం మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తింది. అది జాతీయ రికార్డు అయింది. 13.03, 13.09 పరుగెత్తిన అమ్మాయికి 13.23తో రికార్డు వచ్చింది, అదీ సముద్రాలు దాటి వెళ్ళాక. ఆ తర్వాత ఇక ఆపలేకపోయారు. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82, మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం. ఆ తర్వాతే హాంగ్జౌ.

రెండుసార్లు తన తప్పు ఏమీ లేకుండా లెక్క తప్పిపోయిన మనిషి ఆమె. మూడోసారి తప్పించబోతే నిలబడింది. ఆమె మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, నాకు మాత్రం ఈ మూడూ ఒకే కథలా కనిపిస్తాయి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇప్పుడు మీతో మాట్లాడతాను. పిల్లలు ఎంత వేగంగా పరుగెత్తుతారన్నది వాళ్ళ కాళ్ళ పని, కోచ్ పని. ఆ పరుగు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మన పని. ఈ రెండో పనిలో మనం చాలా వెనకబడి ఉన్నాం.

గాలి కొలిచే పరికరం సంగతి చూడండి. గమ్యం గీతకు 50 మీటర్ల దూరంలో, ఒకటో లేన్ పక్కన, 1.22 మీటర్ల ఎత్తులో పెట్టాలి. 100 మీటర్ల పరుగుకు తుపాకి పేలినప్పటి నుంచి పది సెకన్లు కొలవాలి, 100 మీటర్ల హర్డిల్స్‌కు పదమూడు సెకన్లు. నేను చూసిన ఎన్నో పోటీల్లో ఆ పరికరం పెట్టెలోనే ఉండిపోతుంది, లేదా బల్ల మీద అలంకారంగా ఉంటుంది, గాలి అంకె ఫలితాల కాగితం మీద ఎక్కదు. కాగితం మీద అంకె లేకపోతే ఆ పిల్ల సమయాన్ని ఎవరూ నమ్మరు, నమ్మనక్కర లేదు కూడా.

శబ్దం సంగతి ఇంకా ముఖ్యం. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. 400 మీటర్ల పరుగులో వంపుల లెక్క సరిచేయడానికి ఎనిమిదో లేన్ అమ్మాయిని ఒకటో లేన్ అమ్మాయి కంటే సుమారు 53 మీటర్లు ముందు నిలబెడతాం. మన స్టార్టర్ ఒకటో లేన్ దగ్గర నిలబడి తుపాకి పేలిస్తే, ఎనిమిదో లేన్ అమ్మాయి చెవికి ఆ శబ్దం 0.15 సెకను ఆలస్యంగా చేరుతుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42 సెకన్లు పరుగెత్తింది, కాంస్యం 55.41కి పోయింది. 0.01 సెకను. ఆ వేగంలో అది ఏడు సెంటీమీటర్లు, నా నాలుగు వేళ్ళ వెడల్పు. దాని గురించి దేశమంతా నలభై ఏళ్ళుగా బాధపడుతోంది. మనం ఒక చిన్న పోటీలో, తుపాకి పట్టుకొని తప్పు చోట నిలబడి, ఎనిమిదో లేన్ పిల్ల దగ్గర దానికి పదిహేను రెట్లు లాగేసుకుంటున్నాం. పెద్ద పోటీల్లో ప్రతి లేన్ వెనకా స్పీకర్ పెట్టేది ఇందుకే. మనకు స్పీకర్లు లేకపోతే కనీసం అన్ని లేన్లకూ ఇంచుమించు సమాన దూరంలో ఉండే చోటు వెతుక్కొని నిలబడాలి. దానికి డబ్బు ఖర్చు కాదు, నాలుగు అడుగులు నడవాలి.

గడియారం నొక్కేవాళ్ళూ వినండి. 100 మీటర్ల గమ్యం దగ్గర నిలబడినప్పుడు శబ్దం విని నొక్కకూడదు, తుపాకి పొగ చూసి నొక్కాలి. శబ్దం మీ దాకా రావడానికి 0.29 సెకను పడుతుంది. శబ్దం విని నొక్కితే ఆ పిల్లకు మీరు ఉత్తపుణ్యానికి రెండు మీటర్లకు పైగా దానం చేసినట్టు. 13 సెకన్ల పిల్ల 12.7 అనిపించుకొని రాష్ట్ర పోటీకి వెళ్ళి, అక్కడ అసలు గడియారం ముందు తన మీద తనకే నమ్మకం పోగొట్టుకుంటుంది. ఇలా కుంగిపోయిన పిల్లలను నేను ఓదార్చాను. తప్పు వాళ్ళది కాదు.

పెద్ద పోటీల్లో బ్లాకులకు సెన్సర్లు ఉంటాయి. పాదం ఎంత బలంగా తోస్తోందో అవి కొలుస్తాయి. తుపాకి పేలాక 0.100 సెకనులోపే తోస్తే స్టార్టర్ చెవిలోని పరికరం మోగుతుంది. శబ్దం విని, మెదడు ఆజ్ఞ ఇచ్చి, కండరం కదలడానికి మనిషికి కనీసం అంత సమయం పడుతుందన్నది దాని వెనకున్న లెక్క. 2022లో అమెరికాలోని యుజీన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో, సొంత గడ్డ మీద డెవాన్ అలెన్ 0.099 సెకనులో కదిలాడని పంపించేశారు. కంటికి తప్పు కనపడలేదు. సెకనులో వెయ్యో వంతు. ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ సమాధానం లేదు. యంత్రం అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ గీత ఎక్కడ గీయాలో చెప్పింది యంత్రం కాదు, మనుషులు. ఆ గీతను మళ్ళీ పరిశీలించాలని అడిగేవాళ్ళతో నేనున్నాను.

మళ్ళీ హాంగ్జౌకు వస్తాను, ఎందుకంటే ఆ సాయంత్రం ఇంకో తెలుగు అమ్మాయి కూడా అక్కడే ఉంది. అగసర నందిని. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన అమ్మాయి, తండ్రిది టీ కొట్టు. ఆమె పోటీ హెప్టాథ్లాన్. రెండు రోజుల్లో ఏడు పోటీలు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, చివరగా 800 మీటర్లు. అన్నింటికీ పాయింట్లు కలుపుతారు. ఈ పోటీలో ఫాల్స్ స్టార్ట్ నియమం వేరు. మొదటి తప్పుకు ఎవరినీ పంపరు, ఆ తర్వాత ఎవరు చేసినా పంపుతారు. రెండు రోజుల కష్టం ఒక్క కదలికతో పోకూడదని ఆ వెసులుబాటు. స్టార్టర్లు ఇది కూడా కలగాపులగం చేయకండి.

నందినికి 5712 పాయింట్లతో కాంస్యం వచ్చింది. నాలుగో స్థానంలో ఉన్నది మన దేశపు స్వప్నా బర్మనే, 2018లో జకార్తాలో ఇదే పోటీలో స్వర్ణం గెలిచిన మేటి. ఆమెకు 5708. నాలుగు పాయింట్లు. నాలుగు పాయింట్లంటే ఎంతో నేను కాగితం మీద వేసి చూశాను. లాంగ్‌జంప్‌లో అయితే ఒక సెంటీమీటరు, ఇంకో మూడు మిల్లీమీటర్లు. షాట్‌పుట్‌లో ఆరు సెంటీమీటర్లు. జావెలిన్‌లో ఒక జానెడు. 800 మీటర్లలో సుమారు 0.3 సెకను. రెండు రోజుల పాటు దూకి, విసిరి, పరుగెత్తిన ఇద్దరు మనుషుల మధ్య తేడా అది. నందిని చివరి 800 మీటర్లను 2 నిమిషాల 15.33 సెకన్లలో, అందరికంటే ముందు ముగించింది. ఆ సమయానికి ఆమె కాళ్ళలో ఏమి మిగిలి ఉంటుందో ఊహించుకోండి.

ఇక్కడ ఇసుక గుంట దగ్గర కూర్చునే మిత్రులకు ఒక మాట. లాంగ్‌జంప్ కొలిచేటప్పుడు టేపు బిగుతుగా లేకపోయినా, గుర్తుకు సరిగ్గా లంబంగా పెట్టకపోయినా ఒక సెంటీమీటరు తేడా సులువుగా వస్తుంది. ‘ఆ, ఒక సెంటీమీటరేగా’ అని ఎన్నిసార్లు అనుకున్నామో మనకు తెలుసు. ఆ ఒక్క సెంటీమీటరూ ఆసియా క్రీడల కాంస్యం ఎత్తు ఉంటుంది.

వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి గురించి కూడా చెప్పాలి. మేధోపరమైన లోపం ఉన్నవాళ్ళ విభాగంలో 400 మీటర్లు ఆమె పోటీ. అదే హాంగ్జౌలో, ఆ నెలలోనే జరిగిన ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా ఛాంపియన్‌షిప్‌లో 55.07తో ప్రపంచ రికార్డు. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. చిన్నప్పుడు ఊళ్ళో ఆమెను చాలామంది చాలా మాటలు అన్నారు. రమేశ్ గారి లాంటి వాళ్ళ కన్ను ఆమె మీద పడకపోతే, ఏ విభాగంలో పోటీ పడాలో పరీక్షలు చేయించి, కాగితాలు సరిచేయించే మనుషులు లేకపోతే, ఆ పరుగు కల్లెడ పొలం గట్ల మీదే ఉండిపోయేది. మన బడుల్లో అలాంటి పిల్లలు ఉన్నారు. క్రీడా దినోత్సవం నాడు వాళ్ళను కుర్చీలు మోయడానికి పెడుతున్నాం.

జ్యోతి 2024 మేలో ఫిన్లండ్‌లో మళ్ళీ 12.78 పరుగెత్తింది. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత 12.77. ఒక్క 0.01 సెకనుతో అది తప్పిపోయింది. ప్రపంచ ర్యాంకుల ద్వారా వెళ్ళి, ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పరుగెత్తిన మొదటి భారతీయురాలైంది. 2025 మేలో కొరియాలోని గుమిలో, వాన కురుస్తుండగా, గ్యాలరీలు ఖాళీగా ఉండగా, ఆసియా ఛాంపియన్‌షిప్‌ను 12.96తో రెండోసారి గెలిచి, పతకం అందుకుంటూ కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ వీడియో కూడా పిల్లలకు చూపించండి. చప్పట్లు కొట్టేవాళ్ళు లేకపోయినా గాలి పరికరం ఉంది, గడియారం ఉంది, కాగితం మీద సంతకం ఉంది. ఆ పరుగు లెక్కలోకి వచ్చింది.

సరే. రేపు పొద్దున కార్యక్రమం చెబుతాను. ఐదున్నరకు అందరూ హర్డిల్స్ గీత దగ్గర ఉండాలి. ఉపాధ్యాయులు ఒక్కొక్కరు పదేసి సార్లు స్టార్టర్‌గా నిలబడతారు. ప్రతి పరుగుకూ ముందు నేను ఒక అథ్లెట్ చెవిలో రహస్యంగా చెబుతాను, ‘సెట్’ తర్వాత కావాలని కదలమని. ఎవరు కదిలారో, ఎవరు వాళ్ళ వెంట కదిలారో స్టార్టర్ విడదీసి చెప్పాలి. పక్కన నిలబడి ఫోనుతో వీడియో తీస్తాం, తర్వాత కలిసి చూద్దాం. మొదటి రోజు చాలామంది తప్పు చెబుతారు, దాని గురించి సిగ్గుపడకండి, నేనూ చెప్పాను.

పిల్లలకు ఇంకో పని. స్టార్టర్ మీ దగ్గరికి వచ్చి, పోటీ నుంచి తప్పిస్తున్నట్టు ఎర్ర కార్డు చూపిస్తారు. మీరు బూట్లు విప్పకూడదు. చేయి ఎత్తి, స్టార్టర్ కళ్ళలోకి చూసి, గట్టిగా చెప్పాలి, ‘సార్, నేను ముందు కదలలేదు, అభ్యంతరం చెబుతున్నాను, నిరసన కింద పరుగెత్తుతాను.’ మీ పక్కవాళ్ళకు కూడా వినబడేలా అనాలి. మొదట గొంతు పెగలదు. పెగిలే దాకా అనిపిస్తాను.

ఎవరి దగ్గరైనా స్పైక్స్ లేకపోతే ఈ రాత్రే స్టోరు గదికి వచ్చి కాలి కొలత ఇవ్వండి. అన్ని సైజులూ తెప్పించాను.